మైనస్ అయ్యోరు

“...అట్లెట్ల కుదురుతాది స్వామీ, రెండంకెల కూడిక రానోళ్ళనంతా నువ్వే తోలుకోని పోతే నాకేం మిగుల్తాది? ఆ మునిశేఖర్ మాత్రం నాకు గావాల. వాడు నావోడు.”

“నీవోడని వాడి మొగాన రాసి ఉండాదా అబ్బా?”

“రాసినా వాడు చదవలేడు. అందుకే గదా అడగతా ఉండేది!”

నల్లరాళ్ళపల్లె హైస్కూలు స్టాఫ్‌రూములో ఢిల్లీబాబు, ముకుందం అనే ఇద్దరు లెక్కల అయ్యవార్లు ఒక పిల్లవాడి కోసం ఇలా కొట్టుకుంటుంటే, మధ్యాహ్న భోజనం వండే వరలక్ష్మమ్మ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. అయ్యవార్లు పిల్లల కోసం పోట్లాడుకోవడం ఆమె ఇంతకుముందు కూడా చూసింది. ఈ తీవ్రత మాత్రం కొత్త. ఆమె హెడ్‌మిస్ట్రెస్ పెరుందేవి వైపు తిరిగి మెల్లగా అడిగింది.

“ఎవురు మేడం ఆ పిల్లోడు? అంత బాగా సదవతాడా?”

“బొత్తిగా చదవడు వరలక్ష్మమ్మా. అదే వాడి గొప్పతనం. టీ ఇక్కడ పెట్టు.”

కొత్తగా వచ్చిన పద్ధతి అలాంటిది. ఇంతకాలం పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చాయో చూసి అయ్యవారు మంచివాడో కాదో తేల్చేవారు. అది అన్యాయమని పైన ఎవరో కనిపెట్టారు. డాక్టరు బిడ్డకు తొంభై వస్తే అందులో అయ్యవారి గొప్పేముంది? కాబట్టి ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒక పరీక్ష పెట్టి, మధ్యలో పిల్లలు ఎంత పెరిగారో చూడాలన్నారు. దానికి వృద్ధి అని పేరు పెట్టారు. వినడానికి న్యాయంగానే ఉంది. వృద్ధి బాగుంటే ఫోన్లోని యాప్‌లో అయ్యవారి పేరు పక్కన పచ్చ చుక్క, అంతంతమాత్రమైతే పసుపు, లేకపోతే ఎరుపు. పచ్చ చుక్క ఉన్నవాళ్ళకు వేసవి బదిలీల్లో ముందు వరుస.

ఈ మాట చెవిన పడిన మరునాటి నుంచి మండలంలోని అయ్యవార్ల కళ్ళకు లోకం తలకిందులైంది. బాగా చదివే పిల్ల ఎదురైతే ‘దీన్నింక యాడికి పెంచేది’ అని దిగులు. ఏమీ రాని పిల్లవాడు కనిపిస్తే నోరూరడం. పెరగడానికి సున్నాకు ఉన్నంత చోటు మరే అంకెకూ లేదు కదా. మునిశేఖర్ అలాంటి ముచ్చటైన సున్నా. ఐదో తరగతి దాటి ఆరులోకి వచ్చినా ఇరవై మూడూ ముప్పై రెండూ ఒకటేననేవాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పమని నిలదీసేవాడు.

ఆ పోట్లాటలో ఢిల్లీబాబు గెలిచాడు. మునిశేఖర్‌తో కలిపి లెక్కలు రానివాళ్ళు ఎనిమిదిమందీ అతని ‘ఎ’ సెక్షనుకు వచ్చారు. ముకుందం ఒక్క షరతు పెట్టాడు. “సరే, ఆ ఎనిమిదిమందినీ నువ్వే ఏలుకో. అయితే క్లాసులో బాగా చదివే ఏడుగురు ఉండారే, వాళ్ళను కూడా నువ్వే పెట్టుకోవాల. నడిమి రకం నాకు. ముసిలోణ్ణి, నాకు ఎగుడుదిగుళ్ళు పడవు.” బాగా చదివేవాళ్ళు ఉన్నచోటే ఉంటారు, రానివాళ్ళు ఎంతో కొంత పెరుగుతారు అని లెక్క వేసుకుని ఢిల్లీబాబు సరేనన్నాడు. ముకుందం అంత సులభంగా దిగివచ్చే మనిషి కాదని అతనికి ఆ క్షణంలో తోచలేదు. గెలిచినప్పుడు అతనికి ఏదీ తోచదు.

ఢిల్లీబాబు జీవితం నిండా ఇలాంటి గెలుపులే. నగరిలో అతని నాయన వరదయ్యకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. చిన్నప్పుడు అన్నతో పోట్లాడి, గాలి తగులుతుందని వాకిలి పక్క మగ్గం సంపాదించాడు. గాలి తగిలింది. వాకిట్లోకి వచ్చిన ప్రతి మనిషీ ముందు కనిపించినవాణ్ణే పిలుస్తారు కాబట్టి నూలు బేళ్ళు దించడం, షావుకారుకు సోడా తేవడం, మెకానిక్కును వెతకడం కూడా అతనికే తగిలాయి. లోపలి చీకట్లో మగ్గం ముందు కూర్చున్న అన్న హాయిగా నిద్రపోయేవాడు. అయ్యవారి ఉద్యోగం వచ్చాక కౌన్సెలింగులో ఇంకో అభ్యర్థితో అరగంట వాదించి, రోడ్డు పక్కన ఉందని ఈ నల్లరాళ్ళపల్లె గెలుచుకున్నాడు. రోడ్డు ఉన్నమాట నిజమే. దాని మీద బస్సు ఆగదు. పూతలపట్టు కూడలిలో దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని రావాలి. చిత్తూరులో ఇల్లు వెతుక్కున్నప్పుడు కూడా అంతే, మేడమీది పోర్షను కోసం ఒక బ్యాంకు గుమాస్తాతో తగవు పడి గెలిచాడు. తర్వాత తెలిసింది, మునిసిపాలిటీ నీళ్ళకు మెట్లెక్కే అలవాటు లేదని.

మొత్తం మీద అతని పేరులో ఉన్నంత ఢిల్లీ అతని బతుకులో లేదు. ఇటు చిత్తూరు, అటు నగరి. వారమంతా బడి, శనివారం సాయంత్రం నగరి బస్సు, ఆదివారం సాయంత్రం మళ్ళీ బస్సు. భార్య భువనేశ్వరి అతని మేనమామ కూతురు. వరదయ్యకు చూపు మందగించాక నాలుగు మగ్గాలూ ఆమే నడుపుతోంది. అవి వదిలి ఆమె రాలేదు, ఉద్యోగం వదిలి ఇతను పోలేడు. కూతురు భవిత అక్కడే ఎనిమిదో తరగతి. ఈసారి వేసవి బదిలీల్లో నగరి దగ్గర లెక్కల పోస్టు ఖాళీ అవుతోందని తెలిసింది. దానికోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో కూడా తెలిసింది. పచ్చ చుక్క ఉంటే అది అతనిది. లేకపోతే కాదు. మునిశేఖర్ మీద అంత ప్రేమ పుట్టుకురావడం అందుకే.

జూన్ చివర్లో మొదటి పరీక్ష రోజున ఢిల్లీబాబు ఉత్సాహంగా క్లాసులోకి వెళ్ళాడు. బాగా చదివే ఏడుగురూ ముందు బెంచీల్లో పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక బెంచీలు ఖాళీ.

“వాళ్ళంతా యాడికి పోయినారు?”

“మామిడి కోతలకి సార్,” అంది ముందు బెంచీ జాహ్నవి. ఆ సంగతి తెలియని అయ్యవారి మీద జాలితోనే అంది.

చిత్తూరు జిల్లాలో మామిడి కోతలంటే బడి పిల్లలకు తెలియని సంగతి కాదు, అయ్యవార్లకూ కాదు. మామూలుగా అయితే బడి గాడిన పడేసరికి కోతలు అయిపోతాయి. ఆ ఏడు గుజ్జు ఫ్యాక్టరీలు ఆలస్యంగా తెరిచారు. కాయ చెట్టు మీదే ఉండిపోయింది. తెరిచిన మరుక్షణం తోపుల దగ్గరికి కుటుంబాలకు కుటుంబాలు మూటా ముల్లే సర్దుకుని వెళ్ళిపోయాయి. పెద్దవాళ్ళు కాయ కోస్తారు, చిన్నవాళ్ళు ఏరి క్రేట్లలో పేరుస్తారు. ప్రతి జూన్‌లోనూ బడి ఎగ్గొట్టి తోపుకు పోయే పిల్లలే కదా లెక్కల్లో వెనకబడేది. ఢిల్లీబాబు పోట్లాడి గెలిచిన ఎనిమిదిమందీ సరిగ్గా ఆ పిల్లలే.

పరీక్ష వాయిదా లేదు. యాప్ ఆ సాయంత్రానికే మూతపడుతుంది. రాసిన ఏడుగురి సగటు బ్రహ్మాండంగా వచ్చింది. అతని సెక్షను మొదటి మెట్టు ఆకాశంలో పడింది.

పక్క గదిలో ముకుందం నడిమి రకం పిల్లల చేత సగం పేపరు రాయించి, టైమైపోయిందని లాగేసుకున్నాడు. ముకుందం బావమరిదికి పూతలపట్టు దగ్గర తోతాపురి మామిడి తోపు ఉందనీ, ఫ్యాక్టరీలు ఎప్పుడు తెరుస్తారో బావమరిది రోజూ అతనికి ఫోన్లో ఏడ్చి చెప్పేవాడనీ ఢిల్లీబాబుకు తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే అతను తోపు దాకా వెళ్ళి, చెట్ల కింద అందరిముందూ మునిశేఖర్ తల్లి చౌడేశ్వరమ్మను నిలబెట్టి అరిచాడు. పిల్లవాణ్ణి బడికి పంపకపోతే కేసు పెడతానన్నాడు. కేసు ఎక్కడ పెడతారో అతనికి తెలియదు. ఆమెకూ తెలియదు కాబట్టి సరిపోయింది. కోతలు ముగిశాక ఎనిమిదిమందీ వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. మొదటి పరీక్షలో వాళ్ళు లేరు. పెరిగారా తగ్గారా అనడానికి యాప్ దృష్టిలో వాళ్ళు ఇంకా పుట్టనే లేదు. చివరి పరీక్షలో మాత్రం పుడతారు, పుట్టి సగటును కిందికి లాగుతారు.

డిసెంబరులో మధ్యంతర పరీక్ష అయ్యాక మండలంలోని లెక్కల అయ్యవార్లందరినీ సమావేశానికి పిలిచారు. విద్యాధికారి జయచంద్ర ప్రొజెక్టరుతో గోడమీద రంగురంగుల గీతలు వేయించి, ఒక ఎర్ర గీత దగ్గర కర్ర ఆపాడు.

“ఢిల్లీబాబు సార్ ఎవరప్పా? లేవండి సార్, మొగం చూద్దాం.”

ఢిల్లీబాబు లేచాడు.

“మైనస్ పదకొండు. నాకు అర్థం కావడం లేదు సార్. ఏమీ చెప్పకుండా కుర్చీలో నిద్రపోయినా సున్నా వస్తుంది. మైనస్ రావాలంటే అయ్యవారు రోజూ బడికి రావాల, కష్టపడాల, పిల్లలకు ఉన్నది కూడా పోగొట్టాల. ఎట్ల చేసినారు?”

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆ వరుసలోనే ఉన్న ఇంకో ఎర్ర చుక్క.

“మొదటి పరీక్షకు ఎనిమిదిమంది రాలేదు సార్. మామిడి తోపులకు పోయినారు. ఇబుడు అందురూ రాసినారు. ఒక్కొక్క పిల్లోడికి విడివిడిగా లెక్కేస్తే—”

“మామిడికాయల సంగతి యాప్‌కి తెలీదు సార్. అది సగటు చూస్తుంది. మీరు చెప్పింది న్యాయమే. వచ్చే సంవత్సరానికి పైకి రాద్దాం.” జయచంద్ర గొంతు తగ్గించి అన్నాడు. “నా పేరు పక్కన కూడా చుక్క ఉంది సార్. పసుపు. దాన్ని ఎర్రగా చేయొద్దండి, మీకు పుణ్యముంటుంది.”

ఆ రోజు నుంచి అతను మండలమంతా మైనస్ అయ్యోరు అయ్యాడు. తిరుగు బస్సులో ముకుందం పక్కన సీటు ఖాళీగా ఉంటే ఢిల్లీబాబు నిలబడే ప్రయాణం చేశాడు. నాలుగు మలుపులయ్యాక కాళ్ళు లాగి, ఉండబట్టలేక కూర్చున్నాడు.

“నీకు ముందే తెలుసు గదా స్వామీ, కోతలు లేటని?”

“తెలిసేదానికి నేనేమన్నా జోస్యుణ్ణా?”

“సగం పేపరే రాపిస్తివి పిల్లోళ్ళతో. రాపీలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా? ఐరాల దారేగా, రేపు నేనే తోడొస్తా.”

అక్కడి వినాయకుడి ముందు అబద్ధం చెబితే ఏమవుతుందో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అప్పు ఎగ్గొట్టినవాడు, గట్టు జరిపినవాడు, పొరుగింటి కోడిని తిన్నవాడు కోర్టులో ఎన్నిసార్లయినా అబద్ధమాడతాడు. కాణిపాకం రమ్మంటే మాత్రం కడుపునొప్పి వస్తుంది. ముకుందం తాపీగా కండువా సర్దుకున్నాడు.

“మేము వైష్ణవులం అబ్బా. వినాయకుడి కాడ నా ప్రమాణం చెల్లదు.”

ముందు సీటులోని ఆసామి ఎవరో కిసుక్కుమన్నాడు. ఢిల్లీబాబు కూడా నవ్వాడు. కోపం నిలబెట్టుకోవడం అతనికి చేతకాదు. అదొక్కటే అతను ఎప్పుడూ ఓడిపోయే పోట్లాట.

తర్వాతి రెండు నెలలూ అతను ఆ ఎనిమిదిమంది మీదే పడ్డాడు. ప్రేమతో అని చెప్పలేం. వాళ్ళను పోట్లాడి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న సరుకు పాడైపోతుంటే చూడలేకపోవడం నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళ గుణం. మునిశేఖర్ మాత్రం తన సిద్ధాంతం వదల్లేదు.

“రెండూ మూడూ ఉండాయి, మూడూ రెండూ ఉండాయి. ఎవురు ముందు నిలబడితే ఏమి సార్?”

ఒకరోజు ఢిల్లీబాబు విసిగిపోయి పిల్లలందరినీ బయటికి తోలాడు. జాహ్నవిని కుడిపక్క నిలబెట్టి, నువ్వు ఒంటి మనిషివన్నాడు. మునిశేఖర్‌ను ఎడమపక్క నిలబెట్టి, మిగిలినవాళ్ళలోంచి తొమ్మిదిమందిని తోలుకొచ్చి వాడి వెనక నిలిపాడు. “ఎడమపక్క నిలబడినోడు పదిమంది లెక్క. పనికి పోతే పదిమంది కూలి వాడికే. కుడిపక్కకొస్తే ఒక్క మనిషి కూలే. ఇబుడు చెప్పు, నువ్వు ఏ పక్క నిలబడతావు?”

మునిశేఖర్ తన వెనక వరుసను వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అయ్యవారిని తప్పుబడుతున్నట్టు చూశాడు. “ఆ మాట ముందే సెప్పొచ్చు గదా సార్.”

ఫిబ్రవరి ముగిసేసరికి వాడికి అప్పు తెచ్చే తీసివేతలు వచ్చేశాయి. యాభైకి పన్నెండు తెచ్చుకున్నాడు. మిగతా ఏడుగురూ అటూ ఇటుగా అంతే. పన్నెండు మార్కుల పేపరును ఢిల్లీబాబు స్టాఫ్‌రూములో అందరికీ చూపించాడు. అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. పెరుందేవి మాత్రం, “బాగుంది ఢిల్లీబాబు గారూ, సంతోషం. కానీ యాప్‌లో వీడి మొదటి మార్కు గీత పెట్టి ఉంది. గీత నుంచి పన్నెండు దాకా పెరిగితే ఎంత పెరిగినట్టో నాకూ తెలీదు,” అంది.

మార్చి మొదటివారంలో, చివరి పరీక్షకు ముందు, ముకుందం అతన్ని బడి పంపు దగ్గరికి తీసుకెళ్ళాడు. జూన్‌లో చేసినదానికి ఆ పెద్దమనిషికి లోలోపల ఎక్కడో నొచ్చుకుంటూనే ఉండి ఉంటుంది. లేదా పక్క సీటులో రోజూ కూర్చునే మనిషి ముఖం మాడ్చుకుని ఉండటం విసుగనిపించి ఉంటుంది.

“నా మాట విను. ఆ ఎనిమిదిమందినీ బుధవారం ఇంట్లో ఉండమను. ఒక్క పూట. మొదటిసారి రాసిన ఏడుగురే మళ్ళీ రాస్తారు. వాళ్ళకు ఇంకో ఆరేడు మార్కులు ఎక్కువ వస్తాయి. పచ్చ చుక్క, నగరి. మండలమంతా ఇదే చేస్తాండారు. నేను కూడా ఆరుమందిని ఆపతాండా.”

“అది తప్పు గదా స్వామీ.”

“తప్పేంది? మొదటిసారి వాళ్ళు రాలేదు. చివరిసారి కూడా రారు. లెక్క సరిపోయె. నిజానికి ఇదే న్యాయం.”

ఢిల్లీబాబు ఎంత వెతికినా ఆ వాదంలో బొక్క కనిపించలేదు.

ఆ ఆదివారం నగరిలో, మగ్గాలు నాలుగూ కొట్టుకుంటుండగా అతను ఈ విషయం భార్యకు చెప్పాడు. మగ్గాల ఇళ్ళలో రహస్యాలు కూడా అరిచే చెప్పుకోవాలి. భువనేశ్వరి తెగిన పోగు ముడేస్తూ చెవి ఇటు పెట్టింది. అతను మొత్తం కథ అరిచి, చివరికొచ్చేసరికి కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయిన నిశ్శబ్దంలో, “...ఎనిమిదిమంది పిల్లోళ్ళనీ దాచిపెట్టేయమంటాండాడు!” అన్న మాట వీధి చివరిదాకా వెళ్ళింది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

“పిల్లోళ్ళని దాచడం ఏమిరా?” అన్నాడు లోపలి మంచంమీంచి వరదయ్య. “పోలీసుల పని గదా అది.”

“ఏం లేదు నాయనా, పరీక్ష సంగతి.”

భువనేశ్వరి పోగు ముడి వేయడం పూర్తిచేసి చేతులు దులుపుకుంది. “పచ్చ, పసుపు, ఎరుపు అని నాకు రంగులు చెప్పొద్దు బావా. తెల్లారింది మొదలు రంగులతోనే సస్తాండా. మనిషివి ఎప్పుడొస్తావో చెప్పు.”

“పచ్చ వస్తే జూన్‌కు వస్తా.”

“రాకపోతే?”

ఆమె గోడ మేకుకు తగిలించిన సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. భవిత లెక్కల పేపరు. వందకు పద్నాలుగు.

“లెక్కల అయ్యోరి బిడ్డ. నేను ట్యూషను పెట్టినా, తిట్టినా, మొక్కుకున్నా. నేనేం నేర్పేది దీనికి? పోగు ముడేసేది నేర్పతా. ఊర్లో బిడ్డలకు ఎంత పెరిగిందో చూసేదానికి మీకు మీటింగులుండాయి. దీనికి ఎంత తగ్గిందో చూసేదానికి ఎవురుండారు?” ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ. “నువ్వన్నా ఈడికి రా. లేదంటే దాన్నన్నా ఆడికి తీసకపో. రెంట్లో ఒకటి తేల్చు.”

“నువ్వొక్కదానివే ఎట్లుంటావు?”

“నాకేం? మాట్లాడేదానికి నాలుగు మగ్గాలుండాయి. అవైతే శనివారం శనివారం బస్సెక్కి పోవు.”

భవిత వాకిట్లో కూర్చుని ఇదంతా వింటూ, విననట్టు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. కరెంటు వచ్చింది. ఇక ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

తిరుగు బస్సు చిత్తూరు చేరేలోపే ఢిల్లీబాబు నిర్ణయించుకున్నాడు. ముకుందం చెప్పినట్టే చేయాలి. మరునాడు బడి వదిలాక ఆ ఇళ్ళన్నీ తిరిగి చెప్పడానికి బయల్దేరాడు. ముందుగా చౌడేశ్వరమ్మ ఇల్లు. కష్టమైన లెక్క ముందు చేసేస్తే మిగతావి సులభమని పిల్లలకు అతనే చెబుతుంటాడు.

చౌడేశ్వరమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు కూడా చింతపండు గుట్టలు. అయ్యవారిని చూసి ఆమె చెయ్యి తుడుచుకుంది.

“ఏమి అయివోరా ఇంత దూరం? మా వోడు ఏమన్నా సేసినాడా?”

“లేదమ్మా. బాగుండాడు. బుధవారం పరీక్ష ఉండాది గదా. వాణ్ణి ఒక్క పూట ఇంట్లో పెట్టుకో. కొంచిం నలతగా ఉన్నట్టుండాడు.”

“నలతా? వాడికా? నిన్న తాటిచెట్టు ఎక్కితే దింపేదానికి ఊరంతా పోవాల్సొచ్చె.”

“అట్ల కాదు. బెంచీలు సాలవు.”

“నేల మీద కూసుంటాడు. మేమంతా యాడ కూసోనుండాం?”

ఆడవాళ్ళు నవ్వారు. ఢిల్లీబాబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. చౌడేశ్వరమ్మ నవ్వలేదు. ఆమెకు ఏదో తేడాగా తోచింది.

“ఏమి అయివోరా, కోతలప్పుడు తోపుకాడికి ఎగదొబ్బుకోని వొచ్చి, పిల్లోణ్ణి పంపీలేదని నలుగుర్లో నన్ను నోటికొచ్చినట్టు అరిస్తివే. కేసు పెడతానంటివే. రెండ్రోజులు నిద్ర పట్టలే నాకు. ఇబుడు నేనే పంపిస్తానంటే వొద్దంటాండావా? వాడికి పన్నెండు మార్కులొచ్చినాయని తిరిగి తిరిగి ఈదిలో అందురికీ సెప్పుకున్నా. కొత్త పెన్ను కొనిచ్చినా, సూడు, దేవుడి పటం కాడ పెట్టుండా.”

“పన్నెండంటే... యాభైకి అమ్మా.”

“పోయినేడు ఎంతొచ్చె?”

“ఏమీ రాలే.”

“మరి!” అంది చౌడేశ్వరమ్మ.

అతను ఇంకో అబద్ధం కోసం వెతుక్కున్నాడు. బెంచీలది చెప్పేశాడు, నలతది చెప్పేశాడు.

“నిజంగానే బెంచీలు సాలవమ్మా.”

“సరే పా. ఆ మాటే కాణిపాకంలో సెప్పు. ఆటోకు నేనే ఇచ్చుకుంటా.” ఆమె లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. “రాండే మీరు కూడా, సాచ్చికానికి.”

ఆ నలుగురూ నిజంగానే లేవబోయారు. ఢిల్లీబాబుకు తన కులం, తన శాఖ, తన దేవుళ్ళ వరుస అన్నీ గబగబా గుర్తొచ్చాయి. ముకుందానికి దొరికిన సందు అతనికి ఎక్కడా దొరకలేదు.

“అక్కర్లేదులేమ్మా,” అన్నాడు చివరికి. “నేల మీదన్నా కూసోబెడతా. పంపియ్.”

“అట్ల సెప్పు. మజ్జిగ తాగిపో.”

మజ్జిగ తాగాడు. ఉప్పు ఎక్కువైంది. ఆ వీధి దాటేలోపు మిగతా ఏడు ఇళ్ళ నుంచీ ఎవరో ఒకరు ఎదురై, “మా వోడు కూడా వస్తాడు సార్, నేల మీదైనా కూసుంటాడు,” అని చెప్పేశారు. చింతపండు దగ్గర పుట్టిన మాటకు అతనికంటే కాళ్ళెక్కువ. పిల్లల్ని పంపొద్దని చెప్పడానికి వెళ్ళినవాడు, అందరినీ తప్పకుండా పంపమని చెప్పి వచ్చినట్టయింది. అయినా ఇంకా దారి ఉంది. బుధవారం ఉదయాన్నే గేటు దగ్గర నిలబడి వాళ్ళను ఎక్కడికో పంపేయవచ్చు, పేపర్లు తక్కువొచ్చాయనవచ్చు. ఆటోలో వస్తూ అవన్నీ ఆలోచించాడు. ముకుందమైతే ఏది చేస్తాడో కూడా ఆలోచించాడు.

మంగళవారం పొద్దున పెరుందేవి లెక్కల అయ్యవార్లిద్దరినీ తన గదిలోకి పిలిచింది. ప్రశ్నపత్రాలు జిరాక్సుకు పంపాలి. ఆమె పెన్ను తెరిచి పట్టుకుంది.

“ముకుందం గారూ, మీకు ఎన్ని?”

“తొమ్మిది చాలు మేడం.”

“మీ సెక్షన్లో పదిహేనుమంది కదా?”

“ఆరుమందికి రేపు జరం వస్తాది మేడం.”

పెరుందేవి ఆయన్ని కళ్ళద్దాల పైనుంచి చూసింది. ఆమెకు ఈ ఏడు రిటైర్మెంటు. తొమ్మిది అని రాసుకుంది.

“రాబోయే జరాలు కూడా మీకు తెలుస్తాయన్నమాట. ఢిల్లీబాబు గారూ, మీకు?”

ముకుందం బల్ల కిందనుంచి అతని కాలు తొక్కి, చేతివేళ్ళు ఏడు చూపించాడు. కిటికీ బయట వరలక్ష్మమ్మ గుడ్లు ఉడకేస్తూ ఎవరినో తిడుతోంది. ఢిల్లీబాబు కాలు వెనక్కి తీసుకున్నాడు.

“పదిహేను తీపించండి మేడం. అందురూ రాస్తారు. బదిలీకి ఈ యేడు నేను పెట్టుకోవడం లేదు. జూన్‌లో మా భవితను తీసుకొచ్చి ఈ బళ్ళోనే తొమ్మిదో తరగతిలో చేరుస్తాండా.”